పక్క బ్యాండ్‌లో ఎవరున్నారు? లైట్‌స్క్వేర్డ్ నెట్‌వర్క్‌పై ఒక కేస్ స్టడీ

2010 జులైలో అమెరికాలో లైట్‌స్క్వేర్డ్ అనే కంపెనీ పెద్ద ప్రకటన చేసింది. దేశమంతటా 40,000 బేస్ స్టేషన్లతో సరికొత్త ఎల్‌టీఈ (4జీ) నెట్‌వర్క్ కడతామని, 2015 కల్లా 92 శాతం జనాభాకు బ్రాడ్‌బ్యాండ్ అందిస్తామని చెప్పింది. నోకియా సీమెన్స్ నెట్‌వర్క్స్‌తో ఎనిమిదేళ్లకుగాను 700 కోట్ల డాలర్లకు పైబడిన కాంట్రాక్టు కుదుర్చుకుంది. రెండేళ్లు కూడా తిరగకముందే, 2012 మే 14న, అదే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి ఆ ఎల్‌టీఈ నెట్‌వర్క్ మీద వాణిజ్య సేవలు మొదలే కాలేదు.

మొబైల్ నెట్‌వర్క్‌ల రేడియో ప్లానింగ్ నా వృత్తి. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు లింక్ బడ్జెట్ (టవర్ నుంచి రిసీవర్ దాకా సిగ్నల్ శక్తి లెక్క) నేర్పేటప్పుడు నేను ముందుగా చెప్పేది ఈ కేసే. పెట్టుబడి ఉంది, లైసెన్సు ఉంది, ఆకాశంలో ఉపగ్రహం ఉంది, పేరున్న సప్లయర్ ఉన్నాడు, కొనడానికి సిద్ధమైన కస్టమర్లూ ఉన్నారు. అయినా కట్టలేకపోయారు. తమ స్పెక్ట్రమ్‌ను వాళ్లు బాగానే లెక్కగట్టారు. పక్క బ్యాండ్‌లోని జీపీఎస్ రిసీవర్లను మాత్రం ఒప్పందాల మీద సంతకాలయ్యాక కొలిచారు. ఏ స్పెక్ట్రమ్‌కైనా అసలు ధర నిర్ణయించేది ఆ పక్కనున్న రిసీవర్లేనని నేను గట్టిగా నమ్ముతాను. ఈ కేసు రాస్తున్నది కూడా అందుకే.

ఆ బ్యాండ్ ఎందుకు ఖాళీగా కనిపించింది

కంపెనీ చేతిలో ఉన్నది ఎల్ బ్యాండ్. ఉపగ్రహం నుంచి నేలకు 1525 నుంచి 1559 మెగాహెర్ట్జ్, నేల నుంచి ఉపగ్రహానికి 1626.5 నుంచి 1660.5 మెగాహెర్ట్జ్. అంతర్జాతీయంగా ఈ భాగాన్ని మొబైల్ ఉపగ్రహ సేవలకు కేటాయించారు. ఓడలు, దూరప్రాంతాల లారీలు, విపత్తుల్లో పనిచేసే సిబ్బంది, టవర్ అందని చోట తిరిగేవాళ్లు దీని వినియోగదారులు. సంఖ్య తక్కువ, ఫోన్లు బరువు, కాల్ ఖరీదు. పైగా ఉపగ్రహ సిగ్నల్ కాంక్రీటు గోడ దాటి లోపలికి రాదు, ఎత్తైన భవనాల మధ్య వీధుల్లోనూ అందదు. నగరాల వరకు చూస్తే ఆ బ్యాండ్ దాదాపు నిశ్శబ్దంగా పడి ఉండేది.

అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003లో ఈ సమస్యకు ఒక దారి చూపింది. ఉపగ్రహం అందని చోట్ల అదే ఫ్రీక్వెన్సీలో నేల మీద టవర్లు పెట్టుకోవచ్చు, కానీ అవి ఉపగ్రహ సేవకు తోడుగానే ఉండాలి, విడిగా మొబైల్ వ్యాపారం చేయకూడదు. లైట్‌స్క్వేర్డ్‌కు ముందు రూపమైన కంపెనీకి 2004 నవంబర్‌లో ఆ అనుమతి దక్కింది. చాలా ఏళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది.

2010 మార్చిలో హార్బింజర్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ ఆ కంపెనీని పూర్తిగా కొనేసింది. ఫండ్ అధిపతి ఫిలిప్ ఫాల్కన్ అమెరికా గృహరుణాల పతనం మీద పందెం కాసి గెలిచిన వ్యక్తి. ఆయన ఈ బ్యాండ్‌ను చూసిన చూపు నాకు అర్థమవుతుంది. వేలంలో మొబైల్ స్పెక్ట్రమ్ కొనాలంటే కళ్లు తిరిగే ధర. అదే గిగాహెర్ట్జ్ పరిధిలో, మంచి కవరేజీ ఇచ్చే ఫ్రీక్వెన్సీలో, ఎవరూ పెద్దగా వాడని బ్యాండ్ ఉపగ్రహ ధరకు దొరుకుతోంది. టవర్ల నిబంధన కొంచెం సడలిస్తే దాని విలువ ఎన్నో రెట్లవుతుంది. యూరప్ మొబైల్ కంపెనీ ఆరెంజ్‌కు ఒకప్పుడు సారథ్యం వహించిన సంజీవ్ ఆహుజాను సీఈఓగా తెచ్చుకున్నారు. కంపెనీ నేరుగా జనానికి సిమ్‌లు అమ్మదు. నెట్‌వర్క్ కట్టి, దాన్ని టోకుగా ఇతర కంపెనీలకు అమ్ముతుంది. వెరైజన్, ఏటీ అండ్ టీల పట్టులో ఉన్న మార్కెట్‌లో ఇది నిజంగా మంచి ఆలోచన. అందుకే ఎఫ్‌సీసీ కూడా మొగ్గు చూపింది.

మన దగ్గర ప్లాటు కొనేవాళ్లు ఈసీ తీయిస్తారు, సర్వే రాళ్లు చూస్తారు, పక్కవాళ్లను పిలిచి హద్దులు చూపించమంటారు. స్పెక్ట్రమ్ లైసెన్సు మీద హద్దులు అంకెల్లో రాసే ఉంటాయి కాబట్టి ఆ మూడో పని అక్కర్లేదనిపిస్తుంది. ఇక్కడ అసలు దెబ్బ తగిలింది ఆ మూడో పనిలోనే.

జీపీఎస్ గొడవకు ముందున్న చిక్కులు

ఈ కేసును అందరూ జీపీఎస్ గొడవగానే గుర్తుపెట్టుకుంటారు. అది లేకపోయినా ఈ నెట్‌వర్క్ కట్టడం తేలిక కాదు.

ముందు స్పెక్ట్రమ్ ముక్కలైపోయి ఉంది. ఉత్తర అమెరికా మీద ఎల్ బ్యాండ్‌ను లైట్‌స్క్వేర్డ్, ఇన్‌మార్‌శాట్ అనే మరో ఉపగ్రహ కంపెనీ పంచుకునేవి. అదీ ఒక దిక్కున ఒకరు, మరో దిక్కున ఇంకొకరు కాదు. చిన్న చిన్న ముక్కలు ఒకదాని మధ్యలోకి ఒకటి దూరి ఉండేవి. ఉపగ్రహ వాయిస్ చానెళ్లకు అది చాలు. ఎల్‌టీఈకి 5 లేదా 10 మెగాహెర్ట్జ్ తెగకుండా ఒకే చోట కావాలి. అందుకోసం 2007 చివర్లో ఇన్‌మార్‌శాట్‌తో సహకార ఒప్పందం చేసుకున్నారు. ఇన్‌మార్‌శాట్ తన వినియోగదారులను పక్కకు జరిపి ఖాళీ చేసి ఇస్తుంది, దానికి కంపెనీ పెద్ద మొత్తం చెల్లిస్తుంది. 2010 ఆగస్టులో ఆ ఒప్పందాన్ని అమల్లోకి తెచ్చారు. ఆ క్షణం నుంచి చెల్లింపుల గడియారం తిరగడం మొదలైంది.

రెండోది ఉపగ్రహం. టవర్లకు అనుమతి నిలబడాలంటే ఆకాశంలో సేవ ఉండి తీరాలి. 2010 నవంబర్ 14న బైకనూర్ నుంచి ప్రోటాన్ రాకెట్ మీద స్కైటెర్రా-1 వెళ్లింది. దాని రిఫ్లెక్టర్ వెడల్పు 22 మీటర్లు. కక్ష్యలోకి వెళ్లాక అది మొదట సరిగా విచ్చుకోలేదు, డిసెంబర్‌లో గానీ తెరుచుకోలేదు. ఒక మెష్ యాంటెన్నా మీద వందల కోట్ల డాలర్ల ప్రణాళిక ఆధారపడి ఉన్న ఆ వారాలు ఆ ఇంజనీర్లకు ఎలా గడిచి ఉంటాయో ఊహించగలను.

ఇక గడువులు. హార్బింజర్ కొనుగోలుకు ఒప్పుకుంటూ ఎఫ్‌సీసీ షరతు పెట్టింది: 2012 చివరికి 10 కోట్ల మందికి, 2013 చివరికి 14.5 కోట్ల మందికి, 2015 చివరికి 26 కోట్ల మందికి కవరేజీ ఇవ్వాలి. టవర్ అద్దెలు, మున్సిపల్ అనుమతులు, కరెంటు, టవర్లను నెట్‌వర్క్‌కు కలిపే బ్యాక్‌హాల్ ఫైబర్ అన్నీ సున్నా నుంచి మొదలుపెట్టే కంపెనీకి ఇది ఊపిరాడని గడువు. అందుకే 2011 జులైలో స్ప్రింట్ అనే మొబైల్ కంపెనీతో 15 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. స్ప్రింట్ తన సైట్లను ఎలాగూ మార్చి కడుతోంది, అదే బేస్ స్టేషన్‌లో ఎల్ బ్యాండ్ రేడియోను కూడా పెడుతుంది. దీనికి లైట్‌స్క్వేర్డ్ 900 కోట్ల డాలర్లు చెల్లించాలి. ప్లానర్‌గా నాకు ఈ నిర్ణయం నచ్చుతుంది. సైట్ దొరకడమే ఆలస్యానికి మొదటి కారణమయ్యే ఈ రంగంలో ఇది ఏళ్ల పనిని ఆదా చేసేది.

హ్యాండ్‌సెట్ల చిక్కు అన్నిటికన్నా కనపడనిది. ప్రపంచంలో ఇంకెవరూ వాడని బ్యాండ్ కాబట్టి చిప్ కంపెనీ దానికోసం ప్రత్యేకంగా పనిచేయాలి. 3జీపీపీ అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల్లో దీనికి బ్యాండ్ 24 అని సంఖ్య ఇచ్చారు. కానీ సంఖ్య వచ్చినంత మాత్రాన ఫోన్ రాదు. పైగా పాత నిబంధన ప్రకారం ప్రతి ఫోన్‌లో ఉపగ్రహ సౌకర్యం కూడా ఉండాలి. ఆ ధరకు ఫోన్ ఎవరూ కొనరు. అందుకే 2010 నవంబర్‌లో కంపెనీ ఒక సడలింపు అడిగింది: టోకు కస్టమర్లు కేవలం టవర్లతో పనిచేసే ఫోన్లు అమ్ముకోవచ్చా అని. చూడటానికి ఇది ఫోన్ల గురించిన చిన్న విన్నపం. నిజానికి ఉపగ్రహ బ్యాండ్ మొబైల్ బ్యాండ్‌గా మారేది ఈ గీత దగ్గరే. జీపీఎస్ పరిశ్రమ ఉలిక్కిపడి లేచింది కూడా అప్పుడే.

2011 జనవరి 26న ఎఫ్‌సీసీ సడలింపు ఇచ్చింది, ఒక షరతుతో. జీపీఎస్ వర్గాలతో కలిసి పరీక్షలు చేయాలి, ఇంటర్‌ఫియరెన్స్ (ఒక సిగ్నల్ మరొకదానికి అడ్డుపడటం) సమస్య తీరాకే వాణిజ్య సేవలు మొదలుపెట్టాలి.

ఒక లెక్క

ఈ భాగాన్ని కాస్త నిదానంగా చెబుతాను. కేసు మొత్తం ఈ లెక్కలోనే ఉంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. వాటి ప్రధాన పౌర సిగ్నల్ ఎల్1 మధ్య ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్. నేల మీదికి వచ్చేసరికి దాని హామీ స్థాయి మైనస్ 128.5 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే శక్తి; పది డెసిబెల్స్ అంటే పది రెట్లు). రెండు మెగాహెర్ట్జ్ వెడల్పులో రిసీవర్‌లో సహజంగా ఉండే థర్మల్ నాయిస్ మైనస్ 111 డీబీఎం. అంటే సిగ్నల్ నాయిస్ కన్నా పదిహేడు డెసిబెల్స్ కింద మునిగి ఉంటుంది. తెలిసిన కోడ్‌తో పోల్చి చూసి దాన్ని పైకి లాగుతారు. మన ఫోన్‌లో మ్యాప్ కదలడం వెనుక ఇంత సున్నితమైన పని జరుగుతోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు టవర్ వైపు చూద్దాం. లైట్‌స్క్వేర్డ్ వాడదలచింది దాదాపు 1,500 వాట్ల ఈఐఆర్‌పీ (యాంటెన్నా ఒక దిక్కుకు గురిపెట్టే శక్తి), అంటే సుమారు 62 డీబీఎం. వంద మీటర్ల దూరంలో, అడ్డేమీ లేకపోతే, 1550 మెగాహెర్ట్జ్ వద్ద పాత్ లాస్ (దారిలో పోయే శక్తి) 76 డెసిబెల్స్. రిసీవర్ యాంటెన్నాకు తగిలేది మైనస్ 14 డీబీఎం. మైనస్ 128కీ మైనస్ 14కీ మధ్య తేడా 114 డెసిబెల్స్. రెట్లలో చెబితే దాదాపు 25,000 కోట్ల రెట్లు.

ఈ రెండూ ఫ్రీక్వెన్సీలో ఎంత దూరంలో ఉన్నాయి? కంపెనీ పై చానెల్ 1545.2 నుంచి 1555.2 మెగాహెర్ట్జ్. జీపీఎస్‌కు కేటాయించిన బ్యాండ్ 1559 దగ్గర మొదలవుతుంది. మధ్యలో నాలుగు మెగాహెర్ట్జ్ కూడా లేదు. ఎల్1 మధ్య నుంచి చూస్తే ఇరవై.

ఉపగ్రహానికీ ఉపగ్రహానికీ మధ్య ఈ నాలుగు చాలు. రెండు సిగ్నళ్లూ నేలకు బలహీనంగానే వస్తాయి, ఒకరికొకరు అడ్డురారు. ఇన్నేళ్లూ ఆ బ్యాండ్‌లు పక్కపక్కనే గొడవ లేకుండా బతికింది అందువల్లే. అదే చోట టవర్ పెడితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఒప్పందంలో ఉన్నదొకటి, జరిగింది మరొకటి

ఇంటర్‌ఫియరెన్స్ రెండు రకాలుగా వస్తుంది. ట్రాన్స్‌మిటర్ తన చానెల్ దాటి పక్క బ్యాండ్‌లోకి చిమ్మే శక్తి ఒకటి. దీన్ని టవర్ దగ్గర మంచి ఫిల్టర్ పెట్టి ఆపవచ్చు. ఖర్చు ట్రాన్స్‌మిటర్ యజమానిది. 2002లోనే ఈ కంపెనీ పూర్వరూపం, జీపీఎస్ పరిశ్రమ సంఘం కూర్చుని ఈ చిమ్మే శక్తి మీద మామూలు పరిమితికన్నా కఠినమైన పరిమితి ఒప్పుకున్నాయి. లైట్‌స్క్వేర్డ్ చివరిదాకా చెప్పిన మాట ఇదే: మేం ఒప్పుకున్న గీత దాటలేదు. అది నిజం.

రెండో రకం ఓవర్‌లోడ్. ట్రాన్స్‌మిటర్ తన చానెల్‌లో పద్ధతిగానే ఉంటుంది. కానీ పక్క రిసీవర్ ముందు ద్వారం వెడల్పుగా ఉంటే ఆ బలమైన సిగ్నల్ లోపలికి వచ్చేస్తుంది. మొదటి యాంప్లిఫయర్ సాచురేట్ అయిపోతుంది. ఇక బలహీనమైన జీపీఎస్ సిగ్నల్ వినపడదు. ఇక్కడ ఫిల్టర్ పెట్టాల్సింది రిసీవర్‌లో. ఆ రిసీవర్ టవర్ కంపెనీది కాదు. అప్పటికే రైతు ట్రాక్టర్ మీద, విమానం ముక్కులో, సర్వేయర్ కర్ర మీద ఉంది. 2002 ఒప్పందం మొదటి రకాన్ని లోతుగా పట్టించుకుంది, రెండోదాన్ని వదిలేసింది. అప్పటి ఊహలో టవర్లు ఉపగ్రహానికి తోడుగా అక్కడక్కడా కొన్ని ఉండేవి. నలభై వేల టవర్లు ఎవరి కంటికీ కనిపించలేదు.

మూడో సంగతి కూడా ఉంది. దీన్ని మాత్రం పెన్నూ కాగితంతో ముందే పట్టుకోవచ్చు. కంపెనీ రెండు చానెళ్లు వాడదలచింది, పైది 1545.2 నుంచి 1555.2, కిందిది 1526 నుంచి 1536. ఓవర్‌లోడ్ అయిన యాంప్లిఫయర్‌లో రెండు సిగ్నళ్లు కలిస్తే మూడో తరగతి ఇంటర్‌మాడ్యులేషన్, అంటే వేరే ఫ్రీక్వెన్సీలో ఎవరూ పంపని కొత్త సిగ్నల్, పుడుతుంది. పైదాన్ని రెట్టింపు చేసి కిందిది తీసేయండి: రెండు 1550లు 3100, అందులోంచి 1531 తీస్తే 1569. చానెళ్ల వెడల్పు కూడా కలుపుకుంటే ఈ ఉత్పత్తి సుమారు 1554 నుంచి 1584 దాకా పరుచుకుంటుంది. 1575.42 దాని లోపలే ఉంది. పైగా ఇది పుట్టేది రిసీవర్ లోపల, దాన్ని ఏ టవర్ ఫిల్టరూ ఆపలేదు. ఒక పూట పని ఇది. సంతకాలకు ముందు ఈ లెక్కను ఎవరో ఒకరు బోర్డు మీటింగ్‌లో గట్టిగా చెప్పి ఉండాల్సిందని నాకు బలంగా అనిపిస్తుంది.

అన్ని జీపీఎస్‌లూ ఒకటి కావు

ఆ పరీక్షల కోసం ఏర్పడిన సాంకేతిక బృందం రిసీవర్లను ఏడు రకాలుగా విడదీసింది: విమానయానం, సెల్‌ఫోన్లు, సాధారణ నావిగేషన్, హై ప్రెసిషన్, టైమింగ్, అంతరిక్షంలో వాడేవి, నెట్‌వర్క్‌లు. నూటికి పైగా పరికరాలను ల్యాబుల్లో పరీక్షించారు, లాస్ వెగాస్ ప్రాంతంలో నిజమైన టవర్లతోనూ చూశారు. ఫలితాలు రకాన్ని బట్టి పూర్తిగా మారిపోయాయి.

సెల్‌ఫోన్లు బాగానే తట్టుకున్నాయి. కారణం సులువు. ఫోన్‌లో జీపీఎస్ రిసీవర్ పక్కనే, సెంటీమీటర్ల దూరంలో, ఫోన్ సొంత ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దానితో బతకాలంటే మొదటి నుంచీ బిగుతైన ఫిల్టర్ ఉండాలి. ఆ ఫిల్టరే ఇక్కడా కాపాడింది.

హై ప్రెసిషన్ రిసీవర్లు ఘోరంగా దెబ్బతిన్నాయి. దీన్ని నాసిరకం తయారీగా కొట్టిపారేసిన వాదనలు అప్పట్లో చాలా వచ్చాయి, నేను ఒప్పుకోను. సెంటీమీటర్ ఖచ్చితత్వం కావాలంటే జీపీఎస్ సిగ్నల్‌ను వెడల్పుగా వినాలి, అంచులు పదునుగా ఉండాలి, భవనాల నుంచి తిరిగొచ్చే ప్రతిబింబాలను వేరు చేయాలి. ఎల్1 చుట్టూ ఇరవై మెగాహెర్ట్జ్ తీసుకుంటే కింది అంచు 1565 దగ్గరికి వస్తుంది. 1555 దాకా టవర్ అరుస్తుంటే మధ్యలో ఫిల్టర్‌కు దొరికేది పది మెగాహెర్ట్జ్, అంటే ఫ్రీక్వెన్సీలో ఒక శాతం కూడా కాదు. ఎండలో, మంచులో ఫిల్టర్ అంచు అటూఇటూ జరుగుతుంది, దానికీ చోటు వదలాలి. నిటారైన ఫిల్టర్ పెడితే సిగ్నల్ ఆలస్యం ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోలా మారి ఖచ్చితత్వమే పోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. వ్యవసాయంలో వాడే చాలా ప్రెసిషన్ రిసీవర్లు స్థానాన్ని సరిదిద్దే కరెక్షన్ సంకేతాలను ఉపగ్రహం ద్వారానే అందుకుంటాయి. ఆ సంకేతాలు వచ్చేది 1525 నుంచి 1559 మెగాహెర్ట్జ్‌లోనే. అంటే ఆ రిసీవర్ ఈ బ్యాండ్ వైపు చెవి తెరిచి ఉంచడం దొంగతనం కాదు. అదే బ్యాండ్‌లో డబ్బు కట్టి తీసుకున్న సేవను వినడానికే అలా తయారు చేశారు. దున్నే ట్రాక్టర్ సాలు తప్పకుండా నడిచేది ఆ సంకేతంతోనే. ఇలాంటివాళ్లను 'మా స్పెక్ట్రమ్‌లోకి తొంగిచూస్తున్నారు' అనడం న్యాయం కాదు.

టైమింగ్ రిసీవర్ల సంగతి మా రంగం వాళ్లకు బాగా తెలుసు. మొబైల్ టవర్ మీద ఉండే చిన్న జీపీఎస్ యాంటెన్నా నుంచే చాలా బేస్ స్టేషన్లు తమ గడియారాన్ని సరిచేసుకుంటాయి. పక్కనే ఎల్ బ్యాండ్ సెక్టార్ యాంటెన్నా పెడితే ఆ టవర్ తన గడియారాన్ని తానే చెడగొట్టుకునే ప్రమాదం ఉంటుంది.

తీర్పు

2011 జూన్‌లో, ఆ బృందం నివేదిక ఇంకా దాఖలు కాకముందే, కంపెనీ ప్రణాళిక మార్చింది. పై చానెల్ ప్రస్తుతానికి వదిలేస్తాం, కింది 10 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెడతాం, శక్తి కూడా సగానికి తగ్గిస్తాం అంది. ఇలా చేస్తే వాణిజ్య జీపీఎస్ పరికరాల్లో 99.5 శాతానికి సమస్య ఉండదని చెప్పింది. సెప్టెంబర్‌లో జావాద్ అనే తయారీదారు కొత్త ఫిల్టర్‌తో ప్రెసిషన్ రిసీవర్ చేసి చూపించాడు. అంటే ముందుముందు తయారయ్యే వాటికి దారి ఉంది. అప్పటికే జనం చేతుల్లో ఉన్న వాటి ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా ఒప్పుకోదగ్గ జవాబు లేదు.

ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం కింది చానెల్‌తో మళ్లీ పరీక్షించింది. సాధారణ నావిగేషన్ రిసీవర్లు 92లో 69కి హానికర ఇంటర్‌ఫియరెన్స్ కనిపించింది, బేస్ స్టేషన్ నుంచి వంద మీటర్ల దూరానికి సమానమైన స్థాయిలో. విమానాలను కొండల నుంచి హెచ్చరించే వ్యవస్థతో కూడా పొసగదని విమానయాన విశ్లేషణ తేల్చింది. 2012 జనవరి 13న జీపీఎస్ వ్యవహారాలు చూసే సమాఖ్య కమిటీ తరఫున రక్షణ, రవాణా శాఖల ఉపమంత్రులు లేఖ రాశారు: ఆచరణీయమైన పరిష్కారం కనపడటం లేదు, ఇక పరీక్షలు కూడా అక్కర్లేదు. ఫిబ్రవరి 14న ప్రభుత్వ శాఖల స్పెక్ట్రమ్ చూసే ఎన్‌టీఐఏ అదే మాట ఎఫ్‌సీసీకి చెప్పింది. మర్నాడే సడలింపు రద్దుకు ఎఫ్‌సీసీ ప్రతిపాదన పెట్టింది. మార్చిలో స్ప్రింట్ ఒప్పందం తెంచుకుంది. మేలో దివాలా.

తప్పు ఎవరిది? సగం బాధ్యత నేను నియంత్రణ సంస్థ మీదే వేస్తాను. టవర్లకు 2003లో దారి తెరిచి, గడువులు 2010లో పెట్టి, పరీక్షలు 2011లో చేయించడం తలకిందుల వరుస. రిసీవర్లకు ప్రమాణాలు లేకపోవడం వల్ల, పక్కవాడి నుంచి ఎంత తట్టుకోవాలో జీపీఎస్ తయారీదారులకు ఎవరూ చెప్పలేదు. పక్కవాడు ఎంత అరవొచ్చో మాత్రం లైట్‌స్క్వేర్డ్‌కు కాగితం మీద చెప్పారు. మిగతా సగం పెట్టుబడిదారులది. పై చానెల్ పోతే వ్యాపారం నిలబడుతుందా అని వాళ్లు లెక్కేసుకున్న ఆనవాలు ఆ ప్రణాళికలో నాకు కనపడదు.

పది వాట్ల నెట్‌వర్క్

కథ అక్కడితో ఆగలేదు. కంపెనీ 2015 డిసెంబర్‌లో దివాలా నుంచి బయటపడి, 2016లో లిగాడో నెట్‌వర్క్స్‌గా పేరు మార్చుకుంది. జీపీఎస్ పరికరాల కంపెనీలు డీర్, గార్మిన్, ట్రింబుల్‌లతో రాజీపడింది. 1545 నుంచి 1555 దాకా ఉన్న భాగాన్ని నేల మీద వాడనని మాటిచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది: 1526 నుంచి 1536 వరకు, 9.8 డీబీడబ్ల్యూ, అంటే పది వాట్లకు కాస్త తక్కువ శక్తితో. జీపీఎస్ బ్యాండ్‌కు మధ్య 23 మెగాహెర్ట్జ్ ఖాళీ.

ప్లానర్‌గా ఈ అంకె చూడగానే గుండె జారుతుంది. మొదటి ప్రణాళికలోని 32 డీబీడబ్ల్యూ (ఆ 1,500 వాట్లు) నుంచి 9.8కి దిగడమంటే 22 డెసిబెల్స్ నష్టం. నగరంలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గే తీరును 3.5 ఘాతంగా తీసుకుంటే ఒక్కో టవర్ కవర్ చేసే సెల్ వ్యాసార్థం నాలుగో వంతుకు పడిపోతుంది, విస్తీర్ణం పద్దెనిమిదో వంతుకు. నిజానికి ఎక్కువ సెల్‌లలో ముందు తేలిపోయేది ఫోన్ నుంచి టవర్‌కు వచ్చే అప్‌లింక్ కాబట్టి అసలు దెబ్బ అంత ఉండదు. అయినా దేశవ్యాప్త కవరేజీ లెక్క అక్కడే చెదిరిపోతుంది. అందుకే లిగాడో బ్రాడ్‌బ్యాండ్ మాట తగ్గించి పరిశ్రమలకు, విద్యుత్ సంస్థలకు, యంత్రాల మధ్య సంభాషణకు పనికొచ్చే నెట్‌వర్క్ అని చెప్పుకోవడం మొదలుపెట్టింది.

అంత తగ్గించినా రక్షణ శాఖ ఒప్పుకోలేదు. అమెరికా కాంగ్రెస్ కోరిన అధ్యయనాన్ని నేషనల్ అకాడమీస్ 2022 సెప్టెంబర్‌లో బయటపెట్టింది. సాధారణ జీపీఎస్‌లలో ఎక్కువ భాగం తట్టుకుంటాయి, కొన్ని ప్రెసిషన్ రిసీవర్లకు ప్రమాదం ఉంది, ఫోన్ నుంచి టవర్‌కు వచ్చే బ్యాండ్ పక్కనున్న ఇరిడియం ఉపగ్రహ ఫోన్లకు మాత్రం హాని తప్పదని తేల్చింది. పదేళ్లు అందరూ ఒక పక్కింటివాడి గురించే కొట్లాడుకున్నారు, రెండో వైపు కూడా ఒకరున్నారు. 2023 అక్టోబర్‌లో లిగాడో అమెరికా ప్రభుత్వం మీద 3,900 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2025 జనవరిలో మళ్లీ దివాలా రక్షణ కోరుతూ, 45 మెగాహెర్ట్జ్ దాకా స్పెక్ట్రమ్‌ను ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్‌కు వాడుకోనిచ్చే ఒప్పందం ప్రకటించింది. మామూలు ఫోన్‌కు నేరుగా ఉపగ్రహం నుంచే సేవ ఇవ్వడం ఆ కంపెనీ పని. జీపీఎస్ రిసీవర్ల దృష్టిలో చూస్తే ఉపగ్రహ సిగ్నల్ నేలకు మెత్తగానే దిగుతుంది కాబట్టి ఆ 114 డెసిబెల్స్ గొడవే ఉండదు.

మన లెక్కల్లోకి

ఇదే తరహా గొడవ 2022 జనవరిలో మళ్లీ వచ్చింది. అమెరికాలో సీ బ్యాండ్ 5జీ మొదలవుతుంటే 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే విమానాల రేడియో ఆల్టిమీటర్లకు (నేల నుంచి ఎత్తు కొలిచే పరికరాలకు) ఇబ్బందన్నారు. జనవరి 19న ఎయిర్ ఇండియా అమెరికా సర్వీసులు కొన్ని రద్దు చేసింది. సెలవులకు ఇంటికొచ్చి తిరుగు ప్రయాణానికి విమానాశ్రయం చేరినవాళ్లు అర్ధాంతరంగా ఆగిపోయారు. అప్పుడు కూడా ట్రాన్స్‌మిటర్లు తమ గీత దాటలేదు; పాత ఆల్టిమీటర్ల ముందు ద్వారాలే వెడల్పు. 2023 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ, రిసీవర్ల తట్టుకునే శక్తిని కూడా స్పెక్ట్రమ్ విధానంలో లెక్కలోకి తీసుకోవాలని విధాన ప్రకటన చేసింది. ఇరవై ఏళ్ల ఆలస్యం, అయినా మంచి అడుగు.

మన 5జీ మధ్య బ్యాండ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. ఆల్టిమీటర్లకు 530 మెగాహెర్ట్జ్ ఎడం ఉంది. అంత ఎడం ఉన్నా 2022 నవంబర్‌లో టెలికాం శాఖ ఆపరేటర్లకు లేఖ రాసింది: రన్‌వే రెండు చివర్ల నుంచి 2,100 మీటర్ల వరకు, మధ్యగీత నుంచి 910 మీటర్ల వరకు ఆ బ్యాండ్‌లో బేస్ స్టేషన్లు పెట్టొద్దు. ఆ తర్వాతి 540 మీటర్లలో శక్తి పరిమితం చేయాలి. అప్పట్లో మా వృత్తివాళ్లు చాలామంది దీన్ని అతి జాగ్రత్త అన్నారు. నేను అలా అనలేను. విమానాలు ఏ ఆల్టిమీటర్లతో దిగుతున్నాయో, వాటి ఫిల్టర్లు ఏమిటో ఆపరేటర్ దగ్గర జాబితా లేదు. జాబితా వచ్చేదాకా ఆగడం టవర్లు పెట్టి తీయడం కన్నా చవక.

ఇంకో పొరుగు మనకు ప్రత్యేకం. మన సొంత నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలు ఎల్5 అనే బ్యాండ్‌తో పాటు ఎస్ బ్యాండ్‌లో 2492 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా సంకేతం పంపుతాయి. దానికి కింద 2483.5 దాకా వైఫై, పైన 2500 బ్యాండ్‌లో మొబైల్ స్పెక్ట్రమ్. 2023 మేలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01తో నావిక్‌కు ఎల్1 సంకేతం కూడా వచ్చింది. మామూలు ఫోన్లకు ఆ దారి సులువవుతుంది. ఎస్ బ్యాండ్ వినే రిసీవర్లు మాత్రం వాడుకలో ఉంటాయి. 2500 బ్యాండ్‌లో ఎవరైనా పెద్ద ఎత్తున నెట్‌వర్క్ కట్టబోతే నేను లింక్ బడ్జెట్ షీట్‌లో ముందు అడిగే వరుస కవరేజీది కాదు: వంద మీటర్ల దగ్గర నావిక్ యాంటెన్నాకు ఎన్ని డీబీఎం తగులుతుంది, ఆ రిసీవర్ ఎన్నింటిదాకా తట్టుకుంటుంది, ఆ రెండో అంకెను ఏ ల్యాబులో, ఏ మోడల్ మీద కొలిచారు. ఆ గడి నిండేదాకా సైట్ల జాబితా మీద సంతకం పెట్టను.